మార్కాపురంలో అన్నకు మూడో రోజు

మొన్న కేబుల్ ఆయన వచ్చి, ప్యాకేజీ మార్చే పనిలో నా టీవీ ముందు గొంతుక్కూర్చుని, రిమోట్ నొక్కుతూ నొక్కుతూ ఒకచోట ఆగిపోయాడు. "సార్, ఈ చానెలు తీసెయ్యమంటారా? మన లైన్ మొత్తానికి మీరొక్కరే పెట్టుకున్నారు. క్రికెట్టు గూడా రాదు దీంట్లో" అన్నాడు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు, జాలే ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఉండనీయవయ్యా, ఎవరికి అడ్డం అన్నాను. ఉండనిచ్చాడు గాని, మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి గదంతా చూసి, ఇంట్లో ఇంకెవరూ లేరా సార్ అని అడిగాడు. లేరని చెప్పి తలుపు దగ్గరకి వేసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా వేరే పని ఏదీ తోచలేదు.

నాకు హాకీ పిచ్చి. ఈ ముక్క గుంతకల్లు రైల్వే కాలనీలో చెబితే ఎవరూ తల కూడా ఎత్తరు. అక్కడ మేం పుట్టి పెరిగిన కాలంలో, పిల్లవాడికి నడక వచ్చాక చేతికి దొరికే మొదటి వస్తువు కర్ర. అసలైన స్టిక్కులు పెద్దవాళ్ళకుండేవి. మాకు కొస వంకర తిరిగిన తుమ్మకొమ్మలే స్టిక్కులు. ఎర్రమట్టి గ్రౌండులో సాయంత్రం దాకా దొర్లి, నిక్కర్లతో సహా ఎర్రబారి ఇంటికొచ్చేవాళ్ళం. మా అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద, గోల్‌కీపరు. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు కొనే స్తోమత నాయనకు లేదు కాబట్టి, అమ్మ గోనెసంచిలో కొబ్బరిపీచు కూరి కుట్టి ఇచ్చింది. అవి కట్టుకుని నిలబడితే అన్న మనిషిలా కాకుండా ధాన్యం మూటలా కనబడేవాడు. అయినా బంతి మాత్రం దాటనిచ్చేవాడు కాదు. మన వాళ్ళు ఆఖరిసారి ఒలింపిక్స్ బంగారం గెలిచిన రోజు నాయన రేడియోను కిటికీలో పెడితే కాలనీలో సగంమంది మా గుమ్మం ముందు నిలబడ్డారు. గెలిచామని తెలియగానే అన్న నన్ను భుజం మీదికి ఎత్తుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు మన జట్టు ఏ పతకం మొహమూ చూడలేదు. ప్రతి ఒలింపిక్స్‌కీ అన్న "ఈసారి వస్తాది చూడు రా" అనేవాడు. రాకపోతే "వచ్చేసారి తప్పదు" అనేవాడు. మేమిద్దరం అట్లా వచ్చేసారి కోసం చూస్తూ చూస్తూనే జుట్టు నెరిపించుకున్నాం.

కాలువల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా నన్ను మార్కాపురం బదిలీ చేసినప్పుడు, ఒక పెట్టె, ఒక పరుపు, ఒక హాకీ స్టిక్కుతో బస్సు దిగాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అన్నే నా తరఫున "వానికి పెనాల్టీ కార్నరే రాలేదు లేండి" అని, గోలు కొట్టే అవకాశమే చేతికి రాలేదన్నట్టు, జవాబు చెప్పేవాడు. ఇల్లు చూపించిన అవ్వ, అంటే ఇప్పటికీ నేను అద్దెకుంటున్న ఈ ఇంటి ఓనరమ్మ, ముందు నా స్టిక్కు వంక, తర్వాత నా కాళ్ళ వంక చూసి "మోకాళ్ళ నొప్పులా నాయనా? మెట్లెక్కగలవా?" అని అడిగింది. ఇది ఆడుకునేదవ్వా అంటే, ఇంత వయసొచ్చి ఆటేందని మనసులో అనుకుని ఉంటుంది గాని పైకి అనలేదు. మాది గుంతకల్లని తెలిశాక మాత్రం మొహం విప్పారింది. ఆమెది అర్ధవీడు దగ్గర పల్లె. ఆమె పిల్లప్పుడు ఆ ఊళ్ళన్నీ కర్నూలు జిల్లాలో, అంటే మా సీమలోనే ఉండేవట. "అయితే మనం మనమే" అని అద్దె మాట కూడా ఎత్తకుండా తాళంచెవి చేతిలో పెట్టింది. కింద ఆమె, కొడుకూ కోడలూ ఉండేవాళ్ళు. కొడుకు పెద్దారవీడు వైపు పొలం చూసుకోవడానికి పొద్దున్నే బండి మీద వెళ్ళిపోయేవాడు. పై గది నాది.

ఊరు మంచిదే, ఎవరికీ వంక పెట్టే పనిలేదు. ఊళ్ళో అందరికీ వరసలున్నాయి. టీ కొట్టాయన నన్ను బావా అన్నాడు, ఆఫీసు అటెండరు మామా అన్నాడు, అవ్వ కోడలు మొదటి రోజు నుంచే అన్నా అంది. హాకీకి మాత్రం ఏ వరసా లేదు. ఆఫీసులో ఐపీఎల్ రోజుల్లో ఫైళ్ళు కూడా చెన్నై పక్షం, హైదరాబాదు పక్షం అని విడిపోయేవి. నేను ఒకసారి ధైర్యం చేసి మధ్యాహ్నం భోజనాల దగ్గర హాకీ గురించి పావుగంట మాట్లాడాను. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో అటెండరు "అంత చిన్న బంతి టీవీలో కనపడేదెట్ల మామా?" అన్నాడు. నిజం చెప్పాలంటే కనబడదు, మనమే కనబడిందనుకోవాలి. ఆదివారాలు స్టిక్కు తీసుకుని పలకల ఫ్యాక్టరీల వెనక్కి వెళ్ళేవాణ్ణి. అక్కడ పనికిరాని పలకరాయి ముక్కలు గుట్టలుగా పోసి ఉంటాయి. కాస్త చదునైన చోటు చూసి బంతిని గుట్టకేసి కొట్టడం, అది తిరిగొస్తే మళ్ళీ కొట్టడం. బంతి ఆ ముక్కల్లో పడితే వెతకడానికే సగం పొద్దు పోయేది. అటుగా గొర్రెలు తోలుకుపోయే ఒకాయన ఒకరోజు ఆగి, చాలాసేపు చూసి, ఏం పారేసుకున్నావు సామీ అని అడిగాడు. నవ్వేశాను. అవతలి పక్క ఒక మనిషి ఉంటేనే ఏ ఆటైనా ఆట. అది లేకపోతే ఇట్లాగే, ఏదో పారేసుకున్నవాడిలాగే కనబడతాం.

ఆ అవతలి మనిషి నాకు ఫోన్లో ఉండేవాడు. మ్యాచ్ ఉందంటే గుంతకల్లులో అన్న, ఇక్కడ నేను, ఎవరి టీవీ వాళ్ళు పెట్టుకుని ఫోన్లు స్పీకర్లో పెట్టేవాళ్ళం. అన్న ఇంట్లో డిష్షు, నాది కేబులు. అన్నకు బొమ్మ నాకంటే రెండు మూడు క్షణాలు ముందొచ్చేది. నా టీవీలో మనవాడు ఇంకా బంతి తోలుకుంటూ పోతుండగానే ఫోన్లోంచి "కొట్టినాడ్రా" అని కేక వచ్చేది. ఆ తర్వాత నా టీవీలో గోలు పడేది. మొదట్లో విసుక్కున్నాను, నోరు మూసుకో అన్నా, నన్నూ చూడనీ అని. తర్వాత అదే అలవాటైంది. అన్న చెప్పాక చూడటం నాకు ఇష్టమైంది. మొదటి నెలలో అవ్వ కింద నుంచి ఈ కొట్టు, కొట్టినాడు, వదలొద్దు అనే కేకలు విని, అన్నదమ్ములు ఆస్తి దగ్గర తగాదా పడుతున్నారనుకుని, కొడుకును రాజీ చేయమని పైకి పంపింది. అతను వచ్చి గుమ్మంలో నిలబడి టీవీ చూసి, ఫోన్ చూసి, తల గోక్కుంటూ దిగిపోయాడు. ఆ సంగతి చెబితే అన్న పడీ పడీ నవ్వాడు. ఊరందరికీ అన్నను, మామను, బావను అయ్యాను గాని, "అన్నా" అని నేను పిలిచే మనిషి ఆ ఫోన్లో ఒక్కడే ఉండేవాడు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో, మేలో, అన్న పోయాడు. అప్పుడు నాకూ అదే జ్వరం. ఈ పై గదిలో పడి ఉన్నాను. అవ్వ కోడలు రెండు పూటలా గిన్నె మెట్ల మీద పెట్టి "అన్నా, అన్నం" అని కేకేసి వెళ్ళిపోయేది. వదిన ఫోన్ చేసి చెప్పింది. ఆమెకూ జ్వరమే. అన్నను ఆసుపత్రి నుంచి మునిసిపాలిటీ వాళ్ళే తీసుకెళ్ళారట. ఎవరో దూరం నుంచి తీసిన ఫోటో పంపారు. అందులో తెల్ల ప్లాస్టిక్ సంచి తప్ప మనిషి లేడు. నేను ఫోన్ పక్కన పెట్టి, పారాసిటమాల్ వేసుకుని, గోడకు తిరిగి పడుకున్నాను. కన్నీళ్ళు రాలేదు. దగ్గు తప్ప ఏమీ రాలేదు. జ్వరం తగ్గి కిందికి దిగేసరికి వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇట్లాంటిదే ఏదో ఒకటి ఉంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగని రోజులవి. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో, టీ కొట్టు దగ్గర, అవ్వకు, ఎవరికీ. దాచాలని కాదు, ఆ మాట నోట్లోకి రాలేదంతే.

ఆగస్టులో జపాన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. మన జట్టు సెమీఫైనల్‌కి వచ్చింది. మంగళవారం పొద్దున ఏడింటికి మ్యాచ్. స్నానం చేసి, టీ పెట్టుకుని, టీవీ ముందు కూర్చున్నాను. మొదట్లోనే వెనకబడి, వెంటనే మన వాళ్ళు వరసగా రెండు కొట్టారు. రెండుసార్లూ గోలు చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. అన్న కేక లేకుండా గోలు చూడటం నాకు అదే మొదటిసారి. ఏదో తప్పు జరిగినట్టు, నేను చూడకూడనిది చూసినట్టు అనిపించింది. తర్వాత అవతలివాళ్ళు ఒకటి, మరొకటి, మరొకటి కొట్టి మనల్ని దులిపేశారు. ఆట ముగిసింది. "పాయ అన్నా" అన్నాను. అని, ఏమంటాడోనని ఆగాను. ఈ పాటికి వచ్చేసారి అనే మాట రావాలి. అప్పుడొచ్చింది ఏడుపు. ఎక్కడ దాక్కుని ఉందో, మూడు నెలల ఏడుపూ ఒక్కసారిగా పెద్ద గొంతుతో వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా, భయంగా అనిపించింది. ఆపుదామంటే ఆగలేదు.

కింద వినిపించకుండా ఎట్లా ఉంటుంది. కాసేపటికి అవ్వ, వెనక కోడలు, కొంగులు తల మీదికి లాక్కుని పైకొచ్చారు. ఏమైందని అడగలేదు. కోడలు వెళ్ళి టీవీ ఆపేసింది. అవ్వ నా పక్కన కూలబడి వీపు మీద చెయ్యి వేసింది. మగవాడు అంత గొంతెత్తి ఏడ్చాడంటే ఈ పక్కల అర్థం ఒక్కటే. నేను మాత్రం ఆటలో ఓడిపోయి ఏడుస్తున్నానని వీళ్ళకు తెలిసిపోయిందే, ఎంత నామోషీ అనుకుంటూ ఉన్నాను. కోడలు కిందికి దిగి కొంతసేపటికి క్యారియరుతో తిరిగొచ్చింది. విస్తరి వేసి అన్నం, పప్పు వడ్డించింది. పప్పు చూశాక గాని నాకు వెలగలేదు. అందులో తాలింపు లేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు వండి తెస్తారు, ఆ పప్పుకు తాలింపు పెట్టరు. ఈ ఆడవాళ్ళిద్దరూ నా ఇంట్లో మనిషి పోయారని లెక్కేసుకుని, వండి పట్టుకొచ్చారు.

"తిను నాయనా. ఏడ్చేదానికి గూడా సత్తువ గావాల" అంది అవ్వ. నేను ముద్ద కలిపాక నెమ్మదిగా "ఎవురు?" అని అడిగింది. మ్యాచ్ ఓడిపోయామవ్వా అని చెప్పడానికే నోరు తెరిచాను. నోట్లోంచి మాత్రం "మా అన్న" అని వచ్చింది.

"ఫోన్లో కేకలేసేటాయనా?"

"ఆయనే."

"అయ్యో. ఎప్పుడు పోయినాడు, రాత్రా?"

"మేలో, అవ్వా."

అవ్వ చెయ్యి నా వీపు మీద ఆగిపోయింది. కోడలు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. మేలో నేను ఈ గదిలోనే ఉన్నానని, గిన్నె మెట్ల మీద పెట్టి కేకేసింది తనేనని ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. "మాకు ఒక మాట చెప్పకపోతివే అన్నా" అంది. కోపంగా కాదు. నేను తల వంచుకుని పప్పన్నం తింటున్నాను. అవ్వ "అప్పుడు ఏడ్చినావా?" అంది. లేదన్నాను. "మూడో రోజుకు పోయినావా?" ఎట్లా పోతాను, ఇక్కడే పడి ఉన్నాను గదా అన్నాను. "అయితే ఇయ్యాల్టి నుంచే లెక్క. ఎల్లుండి మూడో రోజు. పిట్టకు పెడదాము" అంది, పాలు తెమ్మన్నంత మామూలుగా. కోడలికి మనసొప్పలేదు. "అట్లెట్ల అత్తా? మూడు నెలలైపాయె. పంతులు ఏమంటాడో" అంది. "పంతులు ఏడ్చినాడా? ఏడ్చినోని లెక్కే లెక్క" అంది అవ్వ. ఇంక మాట లేదు. నేను భయపడుతూ, ఎల్లుండి పొద్దున్నే ఇంకో మ్యాచ్ ఉందవ్వా, కంచు పతకానికి అన్నాను. "ఉంటే ఉండనీ. మీ అన్న చూసేటోడే గదా" అంది.

గురువారం పొద్దున ఏడు కాకముందే ఇద్దరూ పైకొచ్చారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టాలి. అన్నకేం ఇష్టమని ముందురోజే అడిగి తెలుసుకున్నారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అని చెప్పాను. మ్యాచ్ చూస్తూ ఆయన తినేది అదే. బొరుగులు పిట్టకు పెట్టేదేంది, తద్దినమా తిరనాళ్ళా అని అవ్వ గొణిగింది గాని, చేయించుకునే వచ్చింది. విస్తరాకులో అన్నీ సర్ది డాబా పిట్టగోడ మీద పెట్టి, నీళ్ళు తిప్పి, దండం పెట్టించింది. ముగ్గురం పక్కకు జరిగి కాకి కోసం చూశాం. ఒక్కటీ రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయినట్టని అందరికీ తెలుసు. లోపల టీవీలో మ్యాచ్ మొదలైంది. నేను ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు వేసి నిలబడ్డాను. మన వాళ్ళు వెనకబడ్డారు. కాకి లేదు. ఇంకా వెనకబడ్డారు. కోడలు కా కా అని పిలిచి చూసింది. అవ్వ చివరికి విసుగొచ్చి "మ్యాచి అయిపోయేదాక రాడులే ఆయప్ప. పదండి లోపలికి" అంది.

అట్లా నా గదిలో, ఆ టీవీ ముందు, మొట్టమొదటిసారి నా పక్కన మనుషులు కూర్చున్నారు. అవ్వకు మన వాళ్ళు నీలం బట్టలవాళ్ళని చెప్పాను. అది తప్ప ఆమెకేమీ పట్టలేదు. నీలం వాళ్ళు కిందపడితే అయ్యో అనేది, అవతలివాళ్ళు పడినా అయ్యో అనేది. మన వాళ్ళు పుంజుకుని సమం చేశారు, దాటిపోయారు. అవతలివాళ్ళు ఇంకొకటి కొట్టి ఒక్క గోలు తేడాకు వచ్చారు. ఇంకొన్ని క్షణాల్లో అయిపోతుందనగా వాళ్ళకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అవ్వ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగి "ఇప్పుడు ఏందది?" అంది. "వాళ్ళు కొడతారవ్వా, మనాయన ఆపాలి. ఆపితే మనదే." "ఆ ప్యాడ్లు కట్టుకున్నాయనా?" "ఆయనే. మా అన్న ఆడేది గూడా అదే." అవ్వ నా చెయ్యి వదల్లేదు. వాళ్ళు కొట్టారు. మనాయన ఆపాడు.

నేను మళ్ళీ ఏడ్చాను. నలభై ఏళ్ళు చూసి చూసి, అన్న ఇంకో మూడు నెలలు ఆగలేకపోయాడే అని ఏడ్చాను. అవ్వ కంగారుపడి "ఓడిపోతిమా?" అంది. గెలిచామవ్వా అన్నాను. "గెలిస్తే గూడా ఏడుస్తారా మీ ఆటలో" అని, కొంగుతో నా మొహం తుడిచింది, తర్వాత తన మొహమూ తుడుచుకుంది. బయటికొచ్చి చూసేసరికి విస్తరాకులో సగం ఖాళీగా ఉంది, బజ్జీ ఒకటి కింద పడి ఉంది. కాకి తిన్నదో ఉడత తిన్నదో మాలో ఎవరూ చూడలేదు. కాకే అని అవ్వ తేల్చేసింది.

ఆ తర్వాత వాళ్ళు హాకీ అభిమానులైపోయారని రాస్తే బాగుంటుంది గాని, అట్లా ఏమీ జరగలేదు. మళ్ళీ నేనొక్కణ్ణే చూస్తున్నాను. మూడేళ్ళ తర్వాత మళ్ళీ కంచు వచ్చిన సాయంత్రం కూడా గదిలో నేనొక్కణ్ణే. పట్టలేక కిందికి దిగి, మంచం మీద ఉన్న అవ్వకు గెలిచామని చెప్పాను. ఆమె నా మొహంలోకి పరీక్షగా చూసి "ఈసారి ఎవురూ పోలేదు గదా?" అంది. లేదవ్వా అన్నాను. మంచిదని అటు తిరిగి పడుకుంది. గుంతకల్లులో వదిన ప్రతి ఏడూ మేలో అన్న తద్దినం పెడుతుంది. నేనూ సెలవు పెట్టి వెళ్తాను, నలుగురిలో కూర్చుని తింటాను, కళ్ళు తడవవు. ఇక్కడ అవ్వ మాత్రం పంచాంగం చూపించుకుని, ఆషాఢం చివర్లో ఆ మంగళవారం తిథి ఏ రోజు వస్తే ఆ రోజు, మీ అన్న దినం నాయనా, గుర్తుందా అని కింద నుంచి కేకేస్తుంది. ఏది సరైన తిథి అని నేనెవరితోనూ వాదించను. అందరికీ అన్న పోయింది మేలో, నాకు పోయింది ఆగస్టులో. మధ్యలో ఉన్న ఆ మూడు నెలలు ఏ పంచాంగంలోనూ లేవు గాని, ఆ మూడు నెలలూ ఆయన నా ఒక్కడికి బతికే ఉన్నాడు.